పన్నెండు శబ్దాలు

స్లొవేకియా ఉత్తరాన జిలినా అనే పట్టణం పక్కన ఒక పల్లె ఉంది. దాని పేరు తెప్లిచ్క నద్ వాహొమ్. వాహ్ అన్నది నది పేరు. ఆ దేశంలో అన్నిటికంటే పొడవైన నది అదే. 'నద్' అంటే పైన, ఒడ్డున. 'నద్' ముందు నిలబడితే వెనక వచ్చే నామవాచకం తృతీయలోకి పోవాలి. అందుకని వాహ్ కాస్తా వాహొమ్ అయింది. ఊరి బోర్డు మీదే విభక్తి రాసి ఉంటుందన్న మాట. ఆ దారిలో పోయే లారీ డ్రైవరు కూడా రోజూ ఒక తృతీయా విభక్తి చదువుకుంటూ పోతాడు.

ఆ పల్లె మన రాయలసీమకు మరీ కొత్త కాదు. కియా కంపెనీ ఐరోపాలో పెట్టిన కార్ల ఫ్యాక్టరీ అక్కడే ఉంది. 2006 డిసెంబరులో అక్కడ కార్లు తయారవడం మొదలయింది. అదే కంపెనీ 2019లో మన పెనుకొండ దగ్గర కార్లు చేయడం మొదలుపెట్టింది. మా అమ్మాయి కాపురం జిలినాలో. మనవడు అక్కడి బడిలోనే చదువుతున్నాడు. వాడితో వాడి బడిభాషలో నాలుగు మాటలు మాట్లాడాలని నేను స్లొవాక్ పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది, ఆ భాషకు వాకిలి నామవాచకమేనని. క్రియలు తర్వాత చూసుకోవచ్చు. నామవాచకం చేతికి రాకపోతే బజారులో రొట్టె కూడా అడగలేం.

వాడి నోటుపుస్తకంలో ఒక పేజీ నాకు ఫోటో తీసి పంపించారు. పన్నెండు మాటలు, మూడు వరసల్లో. ఖ్లప్, హృదిన, దుబ్, స్త్రొయ్. జెన, ఉలిత్స, ద్లఞ్, కొస్త్య్. మెస్తొ, సృద్‌త్సె, విస్వెద్‌చెనియె, ద్యెవ్‌చ. మనిషి, వీరుడు, సింధూరవృక్షం, యంత్రం. స్త్రీ, వీధి, అరచేయి, ఎముక. పట్టణం, గుండె, బడిలో ఇచ్చే మార్కుల పత్రం, పిల్ల. మొదటి వరస పుంలింగం, రెండోది స్త్రీలింగం, మూడోది నపుంసకలింగం. స్లొవాక్ పిల్లలంతా ఈ పన్నెండింటినీ బడిలో నేర్చుకుంటారు. ఒక్కోదానికి ఆరు విభక్తులు, రెండు వచనాలు. అంటే ఒక్కో మాటకు పన్నెండు గళ్ళు. భాషలో మిగిలిన నామవాచకాల్లో చాలా మటుకు ఈ పన్నెండింటిలో ఏదో ఒకదాని వెంట నడుస్తాయి. ఏ మాటైనా కొత్తగా కనబడితే అక్కడివాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: ఇది దేని మాదిరి?

ఆ పేజీ చూడగానే తిరుపతిలో సంస్కృతం చదివిన ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. మనకు ఇది శబ్దమంజరి. రామ శబ్దం, హరి శబ్దం, గురు శబ్దం, రమా శబ్దం, మతి శబ్దం, వన శబ్దం. మా ఓరియంటల్ స్కూల్లో తెల్లవారగానే మొదలయ్యేది, రామః రామౌ రామాః అని. ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, ఇరవైనాలుగు రూపాలు ఒక్క ఊపిరిలో ఒప్పజెప్పాలి. 'అకారాంతః పుంలింగో రామ శబ్దః' అని ముందు చెప్పి, తర్వాతే రూపాల్లోకి దిగాలి. ఆ ముందుమాటలోనే కిటుకంతా ఉంది. మాట ఏ అక్షరంతో ముగుస్తుంది, ఏ లింగం, ఈ రెండూ తెలిస్తే దాని దారి తెలిసినట్టే. కృష్ణుడు, వృక్షం, గ్రామం అన్నీ రాముడి వెనకే పోతాయి. స్లొవాక్ పంతులమ్మ చేయించేదీ అదే పని. పుంలింగం, ప్రాణి, హల్లుతో ముగిసింది, కాబట్టి ఖ్లప్. స్త్రీలింగం, కఠినమైన హల్లు మీద 'అ'తో ముగిసింది, కాబట్టి జెన. 

నేనుండే తిరుపతిలో రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం ఉంది. 2020లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమై జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అనే పేరు పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల పొద్దున్నే నడిచే అలవాటు నాది. రామ శబ్దం నేర్చుకున్న చోటనే ఖ్లప్ శబ్దం చెప్పుకుంటూ పోతాను. ఖ్లప్, ఖ్లప, ఖ్లపొవి, ఖ్లప, ఖ్లపొవి, ఖ్లపొమ్. పైకే చెప్తాను. కంటితో చూసి నేర్చుకున్న పట్టిక పరీక్షకు పనికొస్తుంది గానీ మాటకు రాదు. నోటికి వచ్చిన పట్టిక ఆలోచనకు ముందే అందుతుంది. వల్లె వేయడాన్ని మొద్దు చదువని ఈసడించేవాళ్ళు విభక్తులున్న భాషను పెద్దయ్యాక నేర్చుకుని చూడాలి. ఫోనులో వాక్యాలు చూపించి, బొమ్మలు నొక్కించి నేర్పే పద్ధతి కాఫీ అడగడానికి సరిపోతుంది. కానీ ఒక మాట నేర్పితే ఒక మాటే వస్తుంది. శబ్దం నేర్పితే వెయ్యి మాటలు వస్తాయి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

జెన శబ్దాన్ని కొంచెం దగ్గరగా చూడండి. ఏకవచనం: జెన, జెని, జెనె, జెను, జెనె, జెనౌ. బహువచనం: జెని, జియెన్, జెనామ్, జెని, జెనాఖ్, జెనమి. ఇప్పుడు చివరి రెంటి పక్కన మన రమా శబ్దాన్ని పెట్టండి. 'స్త్రీలతో' అనడానికి స్లొవాక్‌లో జెనమి, మనకు రమాభిః. 'స్త్రీలలో' అనడానికి అక్కడ జెనాఖ్, ఇక్కడ రమాసు. మన 'భి' ఉన్నచోట స్లావిక్ భాషల్లో 'మి' ఉంటుంది. మన 'సు' ఉన్నచోట 'ఖ్' ఉంటుంది. ఇది కాకతాళీయం కాదు, 'సు', 'ఖ్' ఒకే పాత వేరు నుంచి వచ్చిన ప్రత్యయాలు. నపుంసకంలో ప్రథమకూ ద్వితీయకూ ఒకే రూపం ఉండటమూ అంతే: వనం వనం, మెస్తొ మెస్తొ. సంస్కృతంలో ఉన్న ద్వివచనం స్లొవాక్‌లో పోయింది. అయినా కళ్ళ దగ్గర, చెవుల దగ్గర దాని ఆనవాళ్ళు మిగిలాయి. కన్ను ఒకొ, కళ్ళు ఒచి. చెవి ఉఖొ, చెవులు ఉషి. ఇవి పాత ద్వివచన రూపాలు. ఒకొకి మామూలు బహువచనమైన 'ఒకా' అన్న రూపం కూడా ఉంది, అది వల కళ్ళకూ, చారు మీద తేలే నూనె చుక్కలకూ వాడతారు. మనిషి కళ్ళకు మాత్రం రెండు అన్న లెక్క ఇంకా చెక్కుచెదరలేదు. ఈ సంగతి తెలిసిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

సంస్కృతానికీ గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని క్రియారూపాలతో సహా పట్టి చూపిన ఫ్రాంజ్ బాప్ పుస్తకం 1816లో వచ్చింది. స్లావిక్ భాషలను ఆయన తర్వాత తన పెద్ద తులనాత్మక వ్యాకరణంలో చేర్చాడు. సరిగ్గా అదే 1816లో మద్రాసులో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి ఎల్లిస్ రాసిన ముందుమాటలో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని నిరూపించాడు. సంస్కృతం చుట్టాలెవరో తేలిన ఏడే తెలుగు చుట్టాలెవరో కూడా తేలింది. తిరుపతిలో కూర్చుని స్లొవాక్ చదివేవాడికి ఈ రెండు పుస్తకాలూ రెండు చేతుల్లో ఉన్నట్టే. ప్రత్యయాల రూపం దగ్గర సంస్కృతం తోడు వస్తుంది. ప్రత్యయం ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు మానాలి అన్నచోట సంస్కృతం ఆగిపోతుంది. అక్కడ తోడు వచ్చేది తెలుగే.

ఎట్లాగంటే, 'మనిషిని చూశాను' అంటాం. 'మనిషి చూశాను' అనం. కానీ 'చెట్టు చూశాను', 'బండి కొన్నాను', 'ఉత్తరం రాశాను' అని మామూలుగా అనేస్తాం, 'ను' లేకుండా. ప్రాణం ఉన్నదానికి ద్వితీయ గుర్తు తప్పనిసరి, ప్రాణం లేనిదానికి అక్కర్లేదు. స్లొవాక్ పుంలింగంలో ఇదే సూత్రం. మనిషిని చూస్తే 'విద్యీమ్ ఖ్లప', రూపం మారింది. చెట్టు చూస్తే 'విద్యీమ్ దుబ్', రూపం మారలేదు. ఇంగ్లీషువాళ్ళు ఈ పాఠం దగ్గర కూలబడతారు. మన పల్లెటూరి ముసలమ్మకు చెప్పండి, 'అంతే గదా నాయనా, చెట్టుకు ప్రాణం యాడుంది' అంటుంది. రామం, వృక్షం అని రెంటికీ ఒకే 'అమ్' తగిలించే సంస్కృతానికి ఈ పట్టింపు లేదు.

లెక్కపెట్టడంలోనూ అంతే. మనం రెండు చెట్లు అంటాం, ఇద్దరు మనుషులు అంటాం. వాళ్ళు ద్వ దుబి అంటారు, ద్వయ ఖ్లపి అంటారు. ఆడవాళ్ళయితే ద్వె జెని. మనం ఆడా మగా ఇద్దరినీ 'ఇద్దరు'లో కలిపేస్తాం, వాళ్ళు 'ద్వయ'ను మగవాళ్ళకే ఉంచుకున్నారు. అదొక్కటే తేడా. చిత్తూరు వైపు వాళ్ళకు ఇది ఇంకా తేలిక. మా నగరిలో, సత్యవేడులో, గుడిపాలలో ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. తమిళ వ్యాకరణం మొదటి మెట్టులోనే లోకాన్ని మనుషులు, మనుషులు కానివి అని రెండుగా చీలుస్తుంది. మన వ్యాకరణాల మహత్తు, అమహత్తు కూడా అలాంటి చీలికే. నామవాచకాన్ని చూడగానే ప్రాణం ఉందా లేదా, మనిషా కాదా అని అడగడం ఇక్కడి నాలుకకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

జంతువుల దగ్గర స్లొవాక్ ఇంకో అడుగు వేస్తుంది. ఒక డేగను చూస్తే అది ప్రాణి, ఖ్లప్ మాదిరే మారుతుంది: ఒరొల్, ఒర్ల. కానీ డేగల గుంపును చూస్తే అవి చెట్ల జట్టులో చేరతాయి: ఒర్లి. బహువచనంలోకి రాగానే జంతువులు ప్రాణుల పట్టికలోంచి దిగిపోతాయి. ఈ దిగిపోవడం తప్పనిసరి కానివి మూడే: కుక్క, తోడేలు, ఆబోతు. వాటిని ఎటైనా వాడొచ్చు. ఎందుకు ఆ మూడింటికే మినహాయింపు అని మనవణ్ణి అడిగాను. 'తాతా, కుక్క మనింట్లోదే గదా' అన్నాడు. తోడేలు సంగతి ఇంకా తేల్చలేదు.

ఇక కష్టం ఎక్కడుందో చెప్పాలి. పట్టికలు కష్టం కాదు. ఏ పట్టికో తేల్చుకోవడం కష్టం. స్త్రీలింగంలో హల్లుతో ముగిసే మాటలు రెండు దారుల్లో పోతాయి, అరచేయి దారి, ఎముక దారి. ఉప్పు సొల్య్, మంచం పొస్తెల్య్. రెండూ స్త్రీలింగమే, రెంటి చివరా అదే మెత్తని 'ల్య్'. కానీ ఉప్పుకు షష్ఠి సొలి, మంచానికి షష్ఠి పొస్తెలె. చివరి అక్షరం చూసి ఊహించడానికి కొంతవరకే కుదురుతుంది. ఆ పైన మాటతో పాటే దాని షష్ఠీ రూపాన్ని కూడా జతగా పెట్టుకుని నేర్చుకోవాలి. నిర్జీవ పుంలింగంలో ఇంకా చిక్కు: షష్ఠిలో కొన్నిటికి 'అ', కొన్నిటికి 'ఉ'. రొట్టె ఖ్లియెబ్, ఖ్లెబ. ఇల్లు దొమ్, దొము. 

ఈ చిక్కు మీద విసుక్కునే తెలుగువాడు ముందు తన ఇంటి సంగతి చూసుకోవాలి. ఊరు, ఊరి. మరి ఏరు? ఏటి. నోరు, నోటి. గోరు, గోటి. రాయి, రాతి. చేయి, చేతి. ఇల్లు, ఇంటి. పేరు పేరే, పేటి కాదు. చివర 'రు' ఉన్నంత మాత్రాన ఏది 'రి' అవుతుందో ఏది 'టి' అవుతుందో చెప్పే సూత్రం మన పిల్లలెవరికీ ఎవరూ నేర్పలేదు. ఏటిగట్టు, నోటిమాట, చేతిపని, ఇంటిపేరు అని అనేస్తున్నాం. చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలని పేరు పెట్టి విడిగా ఒక తావు ఇచ్చాడు. మన బడుల్లో విభక్తులంటే 'డుమువులు ప్రథమ' అని మొదలుపెట్టి ప్రత్యయాల జాబితా ఒకటి కంఠస్థం చేయిస్తారు. వాటిలో సగం ఇప్పుడు వాడుకలో వినబడనివి. ప్రత్యయం తగిలేముందు మాట ఒంట్లో జరిగే ఈ మార్పు, అంటే ఇల్లు ఇంటి అవడం, ఏరు ఏటి అవడం, అదే తెలుగు నామవాచకానికి ఆయువుపట్టు. దాన్ని పాఠంలో ఒక మూలకు నెట్టేశారు. స్లొవాక్‌వాళ్ళ పద్ధతిలో ఒక పది తెలుగు మాటలను నమూనాలుగా ఎంచి, రూపాలన్నీ నోటికి వచ్చేలా చెప్పిస్తే మన పిల్లలకు తమ భాష ఎలా నడుస్తుందో మొదటిసారి కళ్ళకు కడుతుంది. బెంగుళూరులో, చెన్నైలో, అమెరికాలో పెరుగుతూ 'ఇల్లులో', 'చేయితో' అంటున్న పిల్లలకు ఇది మరీ అవసరం.

బయటివాడు నేర్చుకోవడానికి వచ్చినప్పుడే భాష తన పట్టికలు రాసుకుంటుందేమో. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చాడు, 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వచ్చింది. స్లొవాక్‌కు ఆ అవసరం లోపలినుంచే పుట్టింది. హంగరీ ఏలుబడిలో తమ మాటకు సొంత రాతభాష కావాలని అక్కడివాళ్ళు పట్టుబట్టారు. బెర్నొలాక్ 1790లో ఒక వ్యాకరణం రాశాడు. లుదొవిత్ ష్టూర్ మధ్య స్లొవాక్ మాండలికాన్ని ఆధారం చేసుకుని 1846లో మరొకటి ప్రకటించాడు. ఇవాళ్టి భాషకు పునాది అదే. చిన్నయసూరికీ ష్టూర్‌కూ మధ్య పన్నెండేళ్ళే తేడా. ఒకరు పద్యకావ్యాల తెలుగును నిలబెట్టడానికి సూత్రాలు రాస్తే, ఇంకొకరు జనం నోటి మాటను పుస్తకంలోకి ఎక్కించడానికి రాశాడు. నా మనసు ష్టూర్ వైపే మొగ్గుతుంది. అయినా ఇంటి, ఏటి, నోటి వరసను పట్టుకున్న సూరి చూపుకు చేతులెత్తి దణ్ణం పెడతాను.

నేర్చుకున్నది పరీక్షకు నిలిచేది అంగట్లో. జిలినాకు పోయినప్పుడు పొద్దున రొట్టెలకు నన్నే పంపేవాళ్ళు. అక్కడ రొజొక్ అని వేలెడు లావున పొడుగ్గా ఉండే రొట్టె, ప్రతి ఇంట్లో పొద్దున అదే. ఒకటైతే యెదెన్ రొజొక్. రెండు, మూడు, నాలుగైతే రొష్కి. ఐదు, ఆపైన అయితే ఇక బహువచనంలో షష్ఠి రావాలి: పెత్య్ రొష్కౌ, అంటే 'రొట్టెల ఐదు'. మధ్యలో ఉన్న 'ఒ' రూపం మారగానే ఎగిరిపోతుంది, రొజొక్ రొష్కి అవుతుంది. స్త్రీలింగంలో, నపుంసకంలో చాలా మాటలకు ఇదే షష్ఠీ బహువచనంలో తోక తెగి మధ్యలో అచ్చు సాగుతుంది, లేదా కొత్తది చేరుతుంది: జెన జియెన్, మెస్తొ మియెస్త్, కిటికీ ఒక్నొ అయితే ఒకియెన్. 'నాయనా, నాలుగే తే, ఐదు వద్దు' అని మా అమ్మాయి అనేది, నాకు తేలికవుతుందని. నేను ఆరు అడిగి తెచ్చేవాణ్ణి. కౌంటరులో ఉన్నావిడ సంఖ్య విని, వెనకొచ్చిన రూపం విని, తల ఊపి సంచిలో వేసేది. అంతకంటే మంచి మార్కుల పత్రం ఎవరిస్తారు.

ఊళ్ళ పేర్లతోనూ సాధన చేయవచ్చు. లండన్ వాళ్ళకు లొందీన్, లండన్‌లో అంటే వ్ లొందీనె. సింగపూర్‌లో అంటే వ్ సింగపురె. ఆ లెక్కన చిత్తూర్ అని హల్లుతో ముగించి ఇస్తే చిత్తూరులో వ్ చిత్తూరె కావాలి. తిరుపతి మాత్రం మారదు. నైరోబీ, త్బిలిసి మాదిరి 'ఇ'తో ముగిసే బయటి ఊళ్ళను వాళ్ళు కదిలించరు. ఏ విభక్తి వచ్చినా తిరుపతి తిరుపతే. మా ఇంట్లోవాళ్ళకు ఈ మాట చెబితే అందరికీ తెగ నచ్చింది.

తెలుగు లిపి ఈ భాషకు కుదిరినట్టు రోమన్ లిపి కూడా కుదరలేదనిపిస్తుంది నాకు. హ్రస్వం, దీర్ఘం వాళ్ళకు ప్రాణం. ఒకదాని వెంట ఒకటి రెండు దీర్ఘాలు వస్తే రెండోదాన్ని కుదించే నియమమే ఒకటుంది. మనకు ఆ తేడా గుణింతంలోనే ఉంది. మన అక్షరమాలలో పలికేవాళ్ళు లేక పడి ఉన్న ఋ, ౠ వాళ్ళ నోట నిజంగా అచ్చులుగా పలుకుతాయి. హృదిన, సృద్‌త్సె అని నేను రాస్తున్నది అందుకే. మనం బడిపుస్తకాల్లోంచి తీసేసిన ఌ కూడా అక్కడ బతికే ఉంది: తోడేలుకు వాళ్ళ మాటను పలికేటప్పుడు 'వ్'కూ 'క్'కూ మధ్య ఉన్నది ఆ 'ల్' ఒక్కటే. సంస్కృతంలో అదే జంతువు వృకం.

ఇప్పుడు నేనూ మనవడూ ఆఖరి శబ్దం మీద ఉన్నాం, ద్యెవ్‌చ. దాని తోవలో నడిచేవన్నీ చిన్నవే. దూడ తెల్య, గొర్రెపిల్ల యహ్ఞ, కుక్కపిల్ల ష్తెఞ, పిల్లికూన మచ. విభక్తి తగలగానే అన్నిటికీ మధ్యలో 'త్య' వచ్చి చేరుతుంది: తెల్యత్య, యహ్ఞత్య, ష్తెఞత్య. ఆడపిల్ల కూడా ఈ కూనల వరసలోనే, నపుంసకంలోనే ఉంది. జెన స్త్రీలింగమైనా ద్యెవ్‌చ కాదు. వాడికి ఇది వింతగా తోచలేదు. మన మాటలో కూడా 'పాప వచ్చింది', 'దూడ వచ్చింది', 'బండి వచ్చింది' ఒకే క్రియ గదా. వేసవి సెలవుల్లో వాడు తిరుపతి వస్తున్నాడు. వాడి కోసం ఒక నోటుపుస్తకం గీతలు గీసి పెట్టాను. మొదటి పేజీలో ఇల్లు, రెండో పేజీలో ఏరు, మూడో పేజీలో చేయి. నాలుగోది ఊరా, పేరా అన్నది ఇంకా తేలలేదు. రెండూ ఎదురెదురుగా ఒకే పేజీలో పెట్టమని వాళ్ళమ్మ అంటోంది.